నేను మోసుకెళ్లిన తొక్కు డబ్బా

మొన్న పేపర్లో అమెరికా గురించి ఒక వార్త చదివాను. పెద్ద నగరం గురించి కాదు, మొక్కజొన్న పండించుకునే ఏదో చిన్న ఊరి గురించి. అక్కడ వడ్రంగులూ, బస్సు డ్రైవర్లూ, బడిలో వంట చేసే ఆడవాళ్లూ కూడా హెరాయిన్‌కు అలవాటు పడ్డారట. చాలామందికి అది నడుం నొప్పి మాత్రలతో మొదలైందట. మాత్రలు దొరకడం ఆగిపోయాక తెలిసినవాళ్లే ఎవరో పొడి ఇచ్చారట. ఇది తమ వీధిలోకి ఎలా వచ్చిందో ఆ ఊరివాళ్లకు అంతుబట్టడం లేదని రాశారు. మా మనవరాలు ఆ వార్త చదివి, "అంత చదువుకున్న దేశంలో వాళ్లకు ఆ మాత్రం తెలీలేదా తాతా?" అంది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. అది వీధిలోకి ఎలా వస్తుందో నాకు తెలుసు. మా వీధిలోకి తెచ్చింది నేనే.

మా వీధి అంటే కువైట్‌లో షువైఖ్ రేవు వెనకాల మా కంపెనీ క్యాంపు. రెండు వరుసల రేకుల గదులు, ఒక మెస్సు, గేటు దగ్గర బెంగాలీ వాచ్‌మన్, మూలన ఒక చిన్న దవాఖానా. ఆ దవాఖానాలో నేను కంపౌండర్ని. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా ఐదు రోజులూ డాక్టరు నేనే. మాది రాయచోటి దగ్గర పల్లె. చదివింది ఇంటరు, నేర్చింది కట్లు కట్టడం, సూది వేయడం. అయినా క్యాంపులో అందరికీ నేను "సాబ్"నే. ఆ పిలుపు నాకు బాగా ఎక్కింది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ పిలుపు మొదలుపెట్టింది క్రేన్ అన్న. జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద, రేవులో క్రేన్ నడిపేవాడు. లారీ మీద పెద్ద పెట్టెను దించితే లారీ డ్రైవరు చేతిలో చాయ్ తొణికేది కాదని చెప్పుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాడు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే, అన్న తన కంచం పట్టుకెళ్లి వాడి పక్కన కూర్చునేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు, తినేవాడంతే. కాసేపటికి వాడూ తినేవాడు. ఆయన గదిలో ఎవరూ తాగేవాళ్లు కాదు. ఆయన వద్దన్నాడని కాదు, ఆయన ముందు తాగడానికి మొహం చెల్లేది కాదు.

ఇక్కడ మా గల్ఫ్‌వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. సెలవు మీద ఇంటికి పోయి వచ్చేవాడి పెట్టె వాడిది కాదు. క్యాంపులో సగం మంది ఇళ్ల నుంచి ఊరగాయలు, అరిసెలు, కారప్పొడులు అందులోనే రావాలి. నా బట్టలకు చోటు లేక రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని విమానం ఎక్కినవాణ్ణి నేను. ఇంకో మర్యాద ఉంది. ఒకరు కట్టిచ్చిన మూట విప్పి చూడకూడదు. విప్పితే ఇచ్చినవాళ్లను దొంగలన్నట్టే. మా క్యాంపులో ఒకాయన దారిలో ఎవరిదో డబ్బా విప్పాడని తెలిసి, ఆ తర్వాత మూడేళ్లు ఎవరూ అతని చేతికి చిన్న పొట్లం కూడా ఇవ్వలేదు. అతనితో ఎవరూ గొడవ పడలేదు, ఊరికే ఇవ్వడం మానేశారు. ఆ శిక్ష చాలు మనిషి ముడుచుకుపోవడానికి.

తొంభైలో వచ్చిన ఇరాక్ యుద్ధానికి ముందు ఏడాది అన్నకు నడుం పట్టేసింది. రోజుకు పది గంటలు క్రేన్ మీది ఆ ఇనుప గూట్లో కూర్చుంటే పట్టక ఏమవుతుంది. డాక్టరు మాత్రలు రాశాడు. రెండు నెలలయ్యాక ఇక ఇవ్వొద్దన్నాడు. అన్న వచ్చి అడిగేవాడు. నేను రూలు చెప్పేవాణ్ణి.

"జెర రెండు గోలీలు ఇయ్యి సాబ్. గూట్లకెళ్లి దిగరాత్తలేదు."

"డాక్టరు రాయకుంటే నేనియ్యకూడదన్నా. పూసుకునే మందు తీస్కపో."

రూలు మంచిదే. కానీ మాత్రలు ఆపినప్పుడు నొప్పి ఏమైపోతుందో చూసుకోవడం కూడా నా పనే. ఆ పని నేను చేయలేదు. అదే నెలలో నాకు సెలవు వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బొంబాయిలో లాడ్జి. విమానం కోసం మూడు రోజులు అక్కడే పడుండాలి. పక్క గదిలో ఒక మనిషి పరిచయమయ్యాడు. నిజామాబాద్ వైపు యాస, తెల్లచొక్కా, అమ్మ గురించి చాలా ప్రేమగా మాట్లాడేవాడు. బయల్దేరే రోజు పొద్దున ఒక రేకు డబ్బా తెచ్చాడు. మూత చుట్టూ తడిపిండి అతికించి, పైన గుడ్డ కట్టి ఉంది.

"మా తమ్ముడు షువైఖ్‌లనే గ్యారేజీల పనిజేత్తడన్నా. అమ్మ చేసిన మామిడికాయ తొక్కు. ఇంటిది తినక రెండేండ్లాయె వాడు."

నేను రెండో చొక్కా తొడుక్కుని, ఆ డబ్బాకు పెట్టెలో చోటు చేశాను. కువైట్ విమానాశ్రయంలో అధికారి డబ్బా చూసి "ఏంటిది?" అన్నాడు. "అచార్, అమ్మ చేసింది" అన్నాను. నా మొహంలో అబద్ధం లేదు కదా, వదిలేశాడు. అలాంటి మొహాల కోసమే వాళ్లు ఆ లాడ్జిలో కాచుకుని ఉండేవాళ్లని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండు రోజులకు ఆ గ్యారేజీ తమ్ముడు మా గేటు దగ్గరికి వచ్చాడు. డబ్బా తీసుకుని నా చేతులు రెండూ పట్టుకున్నాడు. పక్కనే అన్న గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ తమ్ముడికి అన్నను నేనే పరిచయం చేశాను. మీ జిల్లాల వైపు మనిషే అన్నాను. పాపం నడుం నొప్పితో బాధపడుతున్నాడు, నేను మాత్రలివ్వకూడదు అని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. మాటల్లో మాటగా వచ్చేసింది.

తర్వాత అన్న నా దగ్గరికి మాత్రల కోసం రాలేదు. నడక తేలికైంది. నేను రిజిస్టర్లో ఆయన పేరు ఎదురుగా "నయమైంది" అని రాసుకున్నాను. నా చేతిరాతతో నేను రాసిన అబద్ధాల్లో పెద్దది అదే. కొన్నాళ్లకు చాయ్‌లో ఆరు చెంచాల చక్కెర వేసుకోవడం మొదలుపెట్టాడు. చేతులు ఊరికే గోక్కునేవాడు. మలబద్ధకమని వస్తే ఇసబ్‌గోల్ ఇచ్చాను. సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాలు దాచుకుంటుంటే ఊళ్లో దేవుడి పటాలకు అంటించడానికేమో అనుకున్నాను. ఇవన్నీ ఒకచోట చేర్చి చూడగలిగిన మనిషి ఆ క్యాంపులో నేనొక్కణ్ణే. నేను చూడలేదు. హెరాయిన్ తాగేవాడంటే రోడ్డు పక్కన పడి ఉంటాడని నా లెక్క. మంచి బట్టలేసుకుని డ్యూటీకి పోయే మనిషి ఆ లెక్కలోకి రాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. పొద్దున లేచేసరికి రోడ్డు మీద ట్యాంకులు ఉన్నాయి. రేవు మూతపడింది. మా కంపెనీ మేనేజరు, మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని కఫీల్ ఇద్దరూ ఎటుపోయారో ఎవరికీ తెలీదు. గ్యారేజీలు దోచుకున్నారు, అక్కడి మనుషులు చెల్లాచెదురయ్యారు. బియ్యం వచ్చే దారీ మూసుకుపోయింది, ఆ పొడి వచ్చే దారీ మూసుకుపోయింది.

నాలుగో రోజు అన్న మంచాన పడ్డాడు. ముక్కు కారుతోంది, ఆగకుండా ఆవులింతలు. జలుబన్నాను. సాయంత్రానికి వాంతులు, కాళ్లు ఒకటే తన్నుకోవడం, ఆ ఎండల్లో ఒళ్లంతా గగుర్పాటు. టార్చి వేసి కళ్లు చూశాను. వెలుగు పడ్డా కంటిపాపలు పెద్దవిగానే ఉన్నాయి, మత్తు దొరకని మనిషి కళ్లలా. గదిలో వాళ్లను బయటికి పంపి తలుపు వేశాను.

"ఎన్నాళ్ల నుంచన్నా?"

"నువ్వు లీవుకెళ్లి అచ్చినంక సురువైంది సాబ్. నొప్పి మందని ఇచ్చిండు. నొప్పి పోయింది గని ఇది పోలే."

"గ్యారేజీ ఆయప్పేనా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. ఆ పొడి వాడికి యాడి నుంచి వచ్చిందని రెండుసార్లు అడిగాను. అడగొద్దన్నాడు. మూడోసారి అడిగాక చెప్పాడు.

"నువ్వు తెచ్చిన డబ్బలనే సాబ్. తొక్కు మీద మీదనే ఉండె. కింద పాకిట్లు. వాడే చెప్పి నవ్విండు. నీకు చెప్పొద్దనుకున్న. నువ్వు తిండి మానేత్తవని."

ఏడెనిమిది నెలలు ఆయన పొడితో పాటు ఆ మాటనూ లోపల పెట్టుకున్నాడు, నాకోసం. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. కడుపులో మెలికలు తిరుగుతున్న మనిషి చెయ్యి చాపి నా తల మీద పెట్టాడు. ఆ చెయ్యి చెమటతో చల్లగా ఉంది.

ఎనిమిది రోజులు గంజి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, కడుపు నొప్పి మాత్రలు. అంతకంటే నా దగ్గర ఏమీ లేవు. క్యాంపులో అందరికీ విషజ్వరమని చెప్పాను. తొమ్మిదో రోజు ఆయన లేచి స్నానం చేసి, చారూ అన్నం తిన్నాడు. "సాబ్, ఉప్పు తక్కువైంది" అన్నాడు. నాకు అంత సంతోషం ఇచ్చిన మాట ఆ ఏడాదిలో ఇంకొకటి లేదు. యుద్ధం ఆయన్ను బతికించిందనుకున్నాను. ఇక మిగిలింది ఒక్కటే, ఆయన్ను జగిత్యాల బస్సు ఎక్కించడం.

ఆ తర్వాత అన్న మళ్లీ పాత అన్న అయ్యాడు. మా పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలో ఉండేవి, తాళాలు మేనేజరు దగ్గర. అన్న గడ్డపారతో బీరువా తలుపు పెకలించాడు. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి ఫొటోలు చూసి ఒక్కొక్కరినీ పిలిచి ఇచ్చాడు. ఫొటోల్లో మీసాలు రాని మొహాలు చూసి ఆటపట్టించాడు. నెల రోజుల్లో క్యాంపు నవ్వడం అదే మొదటిసారి. దారిలో తనిఖీలుంటాయి, అన్నీ ఒకరి దగ్గరే ఉంటే మంచిదని ఆయనే అన్నాడు.

"సాబ్ తాన పెట్టుండ్రి. సాబ్ తాన ఉంటే భద్రం."

అరవై పాస్‌పోర్టులూ ఒక గుడ్డ సంచిలో పోసి నా భుజానికి తగిలించారు.

సెప్టెంబరులో మనవాళ్ల కమిటీ ఒక బస్సు మాట్లాడింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు. పొద్దున తొమ్మిదింటికి క్యాంపు గేటు దగ్గర. ముందురోజు నాకొక సంగతి తెలిసింది. రుమైథియాలో ఒక ఇంట్లో మా రాయచోటి వైపు ఆడమనిషి ఒకామె చిక్కుకుపోయింది. ఆమె పనిచేసే ఇంటి యజమానురాలి కుటుంబమంతా సౌదీకి వెళ్లిపోయారు, ఈమెను ఇంటికి కాపలా పెట్టారు. ఎవరైనా వెళ్లి తేవాలి. కంపెనీ పికప్ బండి ఒకటి మిగిలింది. దార్లు తెలిసినవాడు, నాలుగు ముక్కలు అరబ్బీ వచ్చినవాడు అన్న. నేనే పంపాను. నమ్మకం పెట్టి ఒక పని అప్పగిస్తే మనిషి నిలబడతాడని నా వైద్యం. పొద్దున ఏడింటికి ఆయన నవ్వుతూ బయల్దేరాడు.

తొమ్మిదిన్నరకు పికప్ వచ్చింది. గేటు బయటే ఆగింది. ఆమె మూటతో దిగింది. అన్న దిగలేదు. ఆయన పక్కన ఇంకో మనిషి తల దించుకుని కూర్చుని ఉన్నాడు. నేను బస్సు మెట్టు దిగి పిలిచేలోపు అన్న రెండు చేతులూ ఎత్తి పది వేళ్లు చూపించాడు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

"ఆ పక్కనున్నది ఎవురమ్మా?" అని అడిగాను.

"నాకు తెల్దు నాయనా. హవల్లీ కాడ చెయ్యెత్తి బండి నిలిపినాడు. గ్యారేజీ గ్యారేజీ అంటాండ్రి. అప్పుట్నుంచి ఈయప్ప నాతో ఒక్క మాట మాట్లాడ్లా. నన్ను మాత్రం భద్రంగా దించినాడు, పాపం."

పది నిమిషాలు అయ్యాయి. అరగంట అయింది. బస్సులో కమిటీ ఎక్కించిన కుటుంబాల చంటిపిల్లలు ఏడుస్తున్నారు. మధ్యాహ్నం లోపు మొదటి చెక్‌పోస్టు దాటకపోతే వెనక్కి పంపుతారని డ్రైవరు భయం. "యల్లా, యల్లా" అని హారన్ కొడుతున్నాడు. నేను ఇంకో పది నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అని బతిమాలాను. గంటంబావు దాటాక డ్రైవరు ఇంజిన్ ఆపి, తాళం చెవి నా చేతిలో పెట్టి, ఖలాస్, నువ్వే నడుపుకో అన్నాడు. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి అన్న పక్కన కూర్చుని తినిపించినవాడే. ఒక్కరూ పోదామనలేదు, ఒక్కరూ ఆగుదామనలేదు. నేను తాళం చెవి డ్రైవరుకు తిరిగి ఇచ్చేశాను. వాచ్‌మన్ గేటు తీశాడు. అతను వెళ్లనన్నాడు, క్యాంపు ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత జోర్డాన్ ఎడారిలో గుడారాల దగ్గర, విమానం కోసం పేర్లు రాస్తుంటే, నేను సంచి విప్పి ఎవరిది వాళ్లకు ఇచ్చాను. అందరూ తీసుకున్నాక సంచి అడుగున ఒకటి మిగిలింది. తెరిచాను. మీసాలు రాని అన్న మొహం.

దాన్ని వాచ్‌మన్ చేతిలో పెట్టి రావడానికి నాకు గంటంబావు సమయం ఉండింది. తట్టలేదు. సరిహద్దు దాకా ఆ సంచి నెత్తి కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇంటికి వచ్చాక అన్న భార్యకు ఒక ఉత్తరం రాశాను. వేరే బస్సులో వస్తాడని. అంతకంటే రాసే ధైర్యం లేకపోయింది. రాయచోటి నుంచి జగిత్యాల పోవడం ఆ రోజుల్లో ఒకటిన్నర రోజు ప్రయాణం. ఆ వంకతో ఏడాది గడిపాను. యుద్ధం ముగిసి, కంపెనీ మళ్లీ రమ్మని వీసా పంపాక, ఇక ఆమెకు మొహం చూపించకుండా కువైట్‌లో దిగలేననిపించి వెళ్లాను.

ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు. నేనెవరో చెప్పగానే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ఫొటో చాలాసేపు చూసింది.

"ఇది నీ తాన ఎందుకున్నది తమ్మీ?"

నా దగ్గరే ఉండిపోయింది వదినా, అన్నాను. ఆమె లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చింది. మూత చుట్టూ తడిపిండి, పైన గుడ్డ.

"పోతున్నవు గదా. ఏడనన్న కనవడితే ఇయ్యి. మామిడికాయ తొక్కు. ఆయినకు పాణం."

నేను చేతులు చాపలేకపోయాను. ఒకరి డబ్బా విప్పకుండా మోయనని ఆ ఎడారిలో ఒట్టు పెట్టుకున్నాను. "ఇది విప్పి చూడాల వదినా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను, మొగుడు కనబడకుండా పోయిన ఆడమనిషితో, ఆమె అరుగు మీద కూర్చుని. ఆమె మొహం వాడిపోయింది. గుడ్డ విప్పింది. గరిటె తెచ్చి నా చేతికిచ్చింది. నేను అడుగుదాకా తిప్పి చూశాను. తొక్కు.

అప్పుడు చెప్పాను, అంతా. మాత్రలు, లాడ్జి, డబ్బా, గేటు దగ్గర పరిచయం, పది వేళ్లు, సంచి. చెప్తున్నంతసేపూ ఆమె బీడీలు చుడుతూనే ఉంది. ఆపితే ఏమవుతుందోనని భయపడినట్టు చుట్టింది. నేను ముగించాక తల ఎత్తింది.

"గా దినం విప్పకపోతివి తమ్మీ. ఇయ్యాల నాది విప్పినవు."

అంతే అంది. తిట్టలేదు. తర్వాత కొత్తగా పిండి తడిపి, మూత అతికించి, గుడ్డ కట్టి డబ్బా నా ముందు పెట్టింది.

"దొరికితే ఇయ్యి. దొరకకపోతే పారెయ్యకు. నువ్వే తిను."

షువైఖ్ క్యాంపు సగం కాలిపోయి ఉంది. గేటు దగ్గర అదే బెంగాలీ వాచ్‌మన్, జుట్టు పూర్తిగా నెరిసి. నా చేతిలో డబ్బా చూడగానే ఎవరి కోసమో అతనికి అర్థమైంది. తన హిందీలో మెల్లగా చెప్పాడు. ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి అన్న తిరిగి వచ్చాడట. బస్సు పోయిందా అని అడిగి, అందరూ ఎక్కారా, ఆ రుమైథియా అక్క ఎక్కిందా అని అడిగాడట. ఎక్కారంటే మంచిదన్నాడట. చలికాలం దాకా నా దవాఖానా మెట్ల మీదే ఉన్నాడు. పొడి ఆ గ్యారేజీ మనిషి తెచ్చి ఇస్తుండేవాడు, తర్వాత వాడూ కనబడలేదు. వాచ్‌మన్ రెండుసార్లు బస్సు దగ్గరికి తీసుకెళ్తే, కాగితాలు లేవని దించేశారు. మూడోసారికి అన్నలో నడిచే శక్తి లేదు. ఒకరోజు పొద్దున చాయ్ ఇద్దామని వెళితే మెట్ల మీద చల్లబడిపోయి ఉన్నాడట.

"చివరిదాకా ఒకటే అనేవాడు" అన్నాడు వాచ్‌మన్. "నా పాస్‌పోర్ట్‌కు ఏం భయం లేదు, సాబ్ దగ్గర భద్రంగా ఉంది అని."

ఆ తర్వాత పదహారేళ్లు అదే దవాఖానాలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరికి మాత్రలు ఆపినా, ఆపిన పదో రోజు వాళ్ల గదికి వెళ్లి చూసేవాణ్ణి. సెలవు నుంచి వచ్చేటప్పుడు ఎవరు ఏమిచ్చినా వాళ్ల ముందే విప్పేవాణ్ణి. నాకూ మెల్లగా ఇవ్వడం మానేశారు. నా పెట్టెలో నా బట్టలకు చోటు బాగా దొరికింది. మీలో ఎవరైనా రేపు ఆ విమానం ఎక్కేవాళ్లుంటే, ఇచ్చినవాళ్లకు కోపం వచ్చినా సరే, విప్పి చూడండి. కోపం ఒక పూట ఉంటుంది.

ఆమె ఇచ్చిన డబ్బాను నేను పారేయలేదు. రోజుకు వేలి కొసంత చొప్పున ఏడాది తిన్నాను. అడుగు కనబడేదాకా తిన్నాను. తొక్కు తప్ప అందులో ఇంకేమీ లేదు.